ఆకాశం నుంచి హిమానీనదాల అడుగుజాడలు

2013 జూన్ వరదల్లో కేదారనాథ్ ఆలయం వెనక ఒక పెద్ద బండరాయి వచ్చి ఆగింది. దానికి తగిలి వరద రెండుగా చీలి గుడికి అటూ ఇటూ సాగిపోయింది. గుడి నిలిచింది. చుట్టూ ఉన్న బజారు, సత్రాలు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. ఆ వరదల్లో వేలమంది చనిపోయారు. మన ప్రాంతం నుంచి వెళ్ళిన యాత్రికులు కూడా ఆ లోయలో చిక్కుకుపోయారు. ఆ రాయి ఫోటోను మీరూ చూసే ఉంటారు.

ఆ రాయి గురించి చాలామంది చాలా రకాలుగా చెప్పుకున్నారు. మనం మాత్రం ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. అంత పెద్ద బండలు ఆ లోయలోకి అసలు ఎలా చేరాయి? వరద వాటిని ఆఖరి కొద్ది దూరం దొర్లించి ఉండవచ్చు. కాని కేదారనాథ్ పైభాగాన ఇలాంటి బండలు, గులకరాళ్ళు, ఇసుక, పిండిలాంటి మెత్తని మన్ను కలగలిసిన గట్లు బారులు తీరి ఉన్నాయి. వాటిని అక్కడ పోసింది నీరు కాదు, మంచు. ఆ మంచులో చాలా భాగం కరిగిపోయి వేల ఏళ్ళయింది. గట్లు మాత్రం మిగిలాయి.

ఈ గట్లను, ఇలాంటి మరికొన్ని గుర్తులను ఉపగ్రహ చిత్రాలలో పోల్చుకుని, ఒకప్పుడు మంచు ఎక్కడి దాకా వచ్చిందో పటం గీయవచ్చు. అది ఎలా చేస్తారు? దానివల్ల ఏమిటి ఉపయోగం? చూద్దాం.

మంచు వదిలే గుర్తులు

ఎత్తయిన పర్వతాలపై ఏటా కురిసే మంచు ఏటా కరిగే మంచుకంటే ఎక్కువగా ఉంటే ఏమవుతుంది? పొరమీద పొర పేరుకుని, పై బరువుకి అడుగు పొరలు గట్టిపడి మంచుగడ్డగా మారతాయి. ఆ గడ్డ తన బరువుకు తానే మెల్లగా వాలువైపు జారడం మొదలుపెడుతుంది. అదే హిమానీనదం. హిమాలయాల్లో అది రోజుకు కదిలేది సాధారణంగా కొన్ని సెంటీమీటర్లే. కాని ఆ కొద్దిపాటి కదలికకే కొండను మలిచే శక్తి ఉంది.

నది లోయను లోతుగా కోస్తుంది. అందుకే నది తొలిచిన కొండలోయ అడ్డుకోతలో 'వి' అక్షరంలా ఉంటుంది. హిమానీనదం లోయ అడుగునూ పక్కలనూ కూడా గీరుకుంటూ పోతుంది కాబట్టి ఆ లోయ 'యు' అక్షరంలా, వెడల్పాటి అడుగుతో, నిట్రమైన గోడలతో తయారవుతుంది. హిమానీనదం పుట్టిన చోట కొండ ఒంట్లో చేతులకుర్చీ ఆకారంలో ఒక గుంట ఏర్పడుతుంది. దాన్ని సర్క్ అంటారు. పక్క లోయలోని చిన్న హిమానీనదం పెద్దదానంత లోతుగా తవ్వలేదు. మంచు పోయాక ఆ చిన్న లోయ గోడమీద అరలా పైనే మిగిలిపోతుంది. అదే వ్రేలాడే లోయ.

ఇక మనకు అన్నిటికంటే ముఖ్యమైనవి మొరైన్లు, అంటే హిమానీనదం మోసుకొచ్చి వదిలేసిన శిథిలాల గట్లు. చీపురుతో వాకిలి ఊడుస్తూ మధ్యలో ఆపేశారనుకోండి. చీపురు ఆగిన చోట చెత్త ఒక వరసగా మిగిలిపోతుంది. హిమానీనదం ఆగిన చోట కూడా అంతే. మూతి దగ్గర నెలవంక ఆకారంలో మిగిలేది అంత్య మొరైన్. రెండు పక్కలా గట్లలా మిగిలేవి పార్శ్వ మొరైన్లు. గోదావరి వరద తీసాక ఇంటి గోడమీద బురద చార మిగులుతుంది కదా, నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో అది చెబుతుంది. పార్శ్వ మొరైన్ అలాంటి చారే. మంచు ఎంత మందంగా ఉండేదో దాన్నిబట్టి లెక్క కట్టవచ్చు.

మరో తేడా కూడా గుర్తుంచుకోండి. పారే నీరు చేటలో చెరిగినట్టు రాళ్ళను ఒకచోట, ఇసుకను ఒకచోట, బంకమట్టిని ఇంకొకచోట వేరుచేస్తుంది. మంచుకు ఆ పని చేతకాదు. ఏనుగంత బండనూ పిండిలాంటి మన్నునూ ఒకేచోట కుప్పపోసి పోతుంది. ఆ కుప్ప ఎక్కడ నానినా, ఎక్కడ కోసుకుపోయినా కూలిపోవడం సులువు. ఈ సంగతి చివర్లో మళ్ళీ మనకు అవసరమవుతుంది.

మంచు పోయినా గుర్తులు మిగులుతాయన్న ఎరుక మొదట కొండల్లో తిరిగేవాళ్ళదే. 19వ శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండ్‌లోని ఒక వేటగాడు, ఝాఁ పియెర్ పెరోదాఁ, తమ లోయలో చెల్లాచెదురుగా పడిఉన్న బండలను మోసుకొచ్చింది ఒకనాటి హిమానీనదమేనని తెలిసినవాళ్ళకు చెప్పేవాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత లూయీ అగాసీ ఆ ఆలోచనను విస్తరించి 1840లో పుస్తకంగా ప్రచురించాడు. మంచుయుగం అన్న భావన అలా నిలదొక్కుకుంది.

ఉపగ్రహమే ఎందుకు?

పెరోదాఁ తన లోయనంతా కాలినడకన చూశాడు. హిమాలయాలను అలా చూడాలంటే ఒక మనిషి ఆయుష్షు చాలదు. ఏడాదిలో కొన్ని నెలలే దారులు తెరుచుకుంటాయి. పైగా లోయలో నిలబడినవాడికి తన ఎదురుగా ఉన్న గట్టు కనిపిస్తుందిగాని, అది ఐదు కిలోమీటర్ల అవతల ఉన్న మరో గట్టుతో కలిసి ఒకే వంపు అవుతుందని తెలియదు. ముగ్గు మధ్యలో నిలబడిన చీమకు ముగ్గు కనిపించనట్టే. పైనుంచి చూస్తే ఆ వంపు ఒక్క చూపులో తెలుస్తుంది.

1972లో అమెరికా ప్రయోగించిన మొదటి లాండ్‌శాట్ చిత్రాలలో ఒక్కో చుక్క నేలమీద దాదాపు 80 మీటర్ల చదరం. మొరైన్ శిఖరరేఖ వెడల్పు 20, 30 మీటర్లే ఉంటే ఆ చిత్రంలో అది కనిపించదు. లోయలు, పెద్ద హిమానీనదాలు మాత్రమే తెలిసేవి. మన దేశం 1988 మార్చిలో ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహాన్ని పంపింది. దానిలోని మెరుగైన కెమెరాకు ఒక చుక్క సుమారు 36 మీటర్లు. 1995లో వెళ్ళిన ఐ.ఆర్.ఎస్.-1సి నలుపు తెలుపు కెమెరాతో అది 5.8 మీటర్లకు తగ్గింది. 2005లో కార్టోశాట్-1తో 2.5 మీటర్లయింది. అంటే లోయ మాత్రమే కనిపించిన చోట గట్టు, గట్టు కనిపించిన చోట దాని మీది పెద్ద బండలు కనిపించసాగాయి.

మన ఉపగ్రహాలు పంపే ఈ సమాచారాన్ని అందుకునే యాంటెన్నాలు మనకు దగ్గర్లోనే, షాద్‌నగర్‌లో ఉన్నాయి. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం దాన్ని చిత్రాలుగా మార్చి అందిస్తుంది. హిమాలయాల మీది మంచు సంగతి మన హైదరాబాదుకు ముందుగా చేరుతుందన్నమాట!

చిత్రాన్ని చదవడం

ఉపగ్రహ కెమెరా మన కంటిలాంటిది కాదు. ఆకుపచ్చ, ఎరుపు కాంతులతోపాటు కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా వేరువేరుగా కొలుస్తుంది. చెట్ల ఆకులు సమీప పరారుణాన్ని బాగా తిప్పికొడతాయి. ఆ కాంతికి చిత్రంలో ఎరుపు రంగు ఇస్తారు. అందువల్ల ఇలాంటి మిథ్యావర్ణ చిత్రంలో అడవి, పచ్చిక ఎర్రగా కనిపిస్తాయి. మంచు తెల్లగా, బోడిరాయి బూడిద రంగులో, లోతైన తేటనీరు నల్లగా ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మంచూ తెలుపే, మబ్బూ తెలుపే. వేరుచేయడం ఎలా? ఇంకాస్త పొడవైన తరంగాల దగ్గర, అంటే సుమారు 1.6 మైక్రోమీటర్ల దగ్గర, మంచు కాంతిని దాదాపుగా మింగేస్తుంది. మబ్బు మాత్రం తిప్పికొడుతుంది. ఆ కాంతిలో తీసిన చిత్రంలో మంచు నల్లబడి, మబ్బు తెల్లగానే ఉంటుంది. ఆకుపచ్చ కాంతి విలువకు, ఈ కాంతి విలువకు మధ్య తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను హిమ సూచిక అంటారు. సాధారణంగా అది 0.4 దాటితే అక్కడ మంచు ఉన్నట్టు లెక్క.

కాని మనం వెదికేది ఉన్న మంచును కాదు, పోయిన మంచు గుర్తులను. వాటికి ప్రత్యేకమైన రంగు లేదు. రాయి రాయిలాగే ఉంటుంది. అందువల్ల ఆకారం, నీడ, నునుపు గరుకులు, ఏది దేని పక్కన ఉంది అనే వాటిని చూడాలి. లోయకు సమాంతరంగా సాగే సన్నని గట్టు, దానికి ఒకవైపు వెలుగు, మరోవైపు నీడ కనిపిస్తే అది పార్శ్వ మొరైన్ కావచ్చు. లోయకు అడ్డంగా వంగి, మధ్యలో ఏరు కోసేసిన గట్టయితే అంత్య మొరైన్ కావచ్చు. శిఖరరేఖ కత్తి అంచులా పదునుగా, బోడిగా, బూడిద రంగులో ఉంటే ఆ మొరైన్ కొత్తది. ఒళ్ళు గుండ్రబడి, గడ్డి మొలిచి, చిత్రంలో లేత ఎరుపు పులుముకుంటే పాతది. ఒకే లోయలో ఇలాంటివి వరసగా ఉంటే, దిగువన ఉన్నది ఎక్కువ పాతదని అనుకోవచ్చు. ఎందుకంటే మంచు మళ్ళీ అక్కడిదాకా దిగివచ్చి ఉంటే ఎగువ గట్లన్నిటినీ తుడిచిపెట్టి ఉండేది.

ఏ నెల చిత్రం తీసుకోవాలి? వర్షాకాలంలో మబ్బులు, చలికాలంలో కొత్త మంచు గట్లను కప్పేస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తీసిన చిత్రాలు మేలు.

ఒక సరదా పరీక్ష చేసి చూడండి. ఇలాంటి ఉపగ్రహాలు చాలావరకు ఉదయం పదిన్నర ప్రాంతంలో మనమీదుగా పోతాయి. అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. పటంలో ఉత్తరం పైన ఉంటుంది కాబట్టి వెలుగు కిందినుంచి వస్తున్నట్టు, నీడలు పైకి పడుతున్నట్టు ఉంటుంది. మన కళ్ళు వెలుగు పైనుంచి రావడానికే అలవాటు పడ్డాయి. దాంతో లోయలు గట్లుగా, గట్లు లోయలుగా కనిపించి మోసం చేస్తాయి. చిత్రాన్ని తలకిందులుగా తిప్పండి. కొండలు మళ్ళీ కొండలవుతాయి!

ఈ మోసం నుంచి బయటపడే మరో దారి ఎత్తుల నమూనా. కార్టోశాట్-1లో రెండు కెమెరాలున్నాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కి చూస్తాయి. ఒకే చోటును రెండు కోణాల నుంచి చూడటంవల్ల, మన రెండు కళ్ళకు లోతు తెలిసినట్టే, నేల ఎత్తు తెలుస్తుంది. ఆ ఎత్తులతో కంప్యూటర్‌లో కొండను మళ్ళీ కట్టి, దానిమీద కృత్రిమ సూర్యుణ్ణి మనకు కావలసిన దిక్కున పెట్టవచ్చు. వెలుగు వచ్చే దిక్కుకే సాగే గట్టుకు నీడ పడదు, అది కనిపించకుండా పోతుంది. అందువల్ల ఒకే దిక్కుతో సరిపెట్టుకోక రెండు మూడు దిక్కుల నుంచి వెలుగు వేసి చూస్తారు. లోయకు అడ్డంగా ఒక గీత గీసి, అక్కడి కోత 'యు'నా, 'వి'నా అన్నది కూడా ఈ నమూనాతోనే తేల్చవచ్చు.

కేదారనాథ్ లోయ చెప్పే కథ

ఇప్పుడు మళ్ళీ కేదారనాథ్ వద్దాం. ఊరికి ఎగువన చోరాబారీ హిమానీనదం, దాని పక్కనే కంపానియన్ హిమానీనదం ఉన్నాయి. వాటి నుంచి వచ్చే మందాకినీ, సరస్వతీ పాయల మధ్య, హిమానీనదాల నీళ్ళు తెచ్చి పోసిన రాళ్ళ మేట మీద ఊరు ఉంది. పైనుంచి చూస్తే చోరాబారీకి ఇరుపక్కలా పొడవైన పార్శ్వ మొరైన్లు కనిపిస్తాయి. అవి నేటి మంచుకంటే చాలా ఎత్తున ఉన్నాయి. మంచు అంతగా కుంగిందన్నమాట.

డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ లోయలోని మొరైన్లను గుర్తించి, వాటి వయసు కట్టి, 2012లో ప్రచురించారు. వారి లెక్క ప్రకారం సుమారు 13 వేల ఏళ్ళ క్రితం హిమానీనదం ఇప్పటికంటే 6 కిలోమీటర్లు దిగువకు, 2,800 మీటర్ల ఎత్తున ఉన్న రాంబాడా దాకా వచ్చింది. సుమారు 9 వేల ఏళ్ళ క్రితం 3,000 మీటర్ల దగ్గర, 7 వేల ఏళ్ళ క్రితం 3,300 మీటర్ల దగ్గర ఆగింది. సుమారు 5 వేల ఏళ్ళ క్రితం 3,500 మీటర్ల దగ్గర, అంటే దాదాపు నేటి కేదారనాథ్ ఊరి దగ్గరే, దాని మూతి ఉంది.

ఆ వయసులు ఎలా తెలిశాయి? చిత్రం ఏది ముందో ఏది వెనకో చెబుతుందిగాని సంవత్సరాలు చెప్పదు. దానికి మనిషి వెళ్ళి మట్టి తేవలసిందే. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు ఒక కుండలాంటిది. చుట్టూ ఉన్న మట్టిలోని సహజ రేడియోధార్మికత ఆ కుండలో చుక్కచుక్కగా శక్తిని నింపుతుంది. ఎండ తగిలితే కుండ ఖాళీ అవుతుంది. మట్టిలో కప్పబడిన నాటినుంచి మళ్ళీ నిండుతుంది. ప్రయోగశాలలో ఆ రేణువుపై కాంతి ప్రసరింపజేస్తే, నిండిన శక్తి మిణుగురు వెలుగుగా బయటపడుతుంది. దాన్ని కొలిచి ఎన్నాళ్ళు కప్పబడి ఉందో చెబుతారు. మరో పద్ధతిలో మొరైన్ మీది బండ నుంచి ముక్క తీస్తారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ఆ రాతి పైపొరలో బెరీలియం-10 అనే పరమాణువులను పుట్టిస్తాయి. అవి ఎన్ని పోగయ్యాయో లెక్కిస్తే ఆ బండ ఎప్పటినుంచి ఆకాశానికి ముఖం చూపిస్తోందో తెలుస్తుంది. రెండు గడియారాలకూ లోపాలున్నాయి. ఇసుక కప్పబడే ముందు సరిగా ఎండ తగలకపోతే వయసు ఎక్కువ చూపుతుంది. బండ మధ్యలో దొర్లితే వయసు తక్కువ చూపుతుంది. అందుకే ఒక్క నమూనాతో ఆగరు.

మోసపోయే చోట్లు

పటం గీసేవాడిని అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది కొండచరియ. ఒక కొండ ముఖం విరిగి లోయకు అడ్డంగా పడితే, పైనుంచి చూడటానికి అది అచ్చం అంత్య మొరైన్‌లాగే ఉంటుంది. కారాకోరం పర్వతాల్లో మొరైన్లుగా పటాల్లోకి ఎక్కిన అనేక కుప్పలు నిజానికి కొండ విరిగిపడ్డ శిథిలాలేనని కెనెత్ హ్యూయిట్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఒకే ఒక తప్పు కుప్పను మొరైన్ అనుకుంటే, లేని మంచుయుగాన్ని మనం సృష్టించినట్టే.

తేల్చుకోవడానికి మళ్ళీ నేలమీదికి దిగాలి. కొండచరియ కుప్పలో దాదాపుగా ఒకే రకం రాయి ఉంటుంది, ఎదురుగా విరిగిన కొండది. మొరైన్‌లో లోయ ఎగువనంతా ఉన్న రకరకాల రాళ్ళు కలుస్తాయి. వాటిలో కొన్నిటిమీద మంచు రాపిడికి పడ్డ గీతలు కూడా ఉంటాయి. పది చోట్ల ఇలా నేలమీద సరిచూసుకుంటే, మిగతా వంద చోట్ల చిత్రం చెప్పేదాన్ని నమ్మవచ్చు.

ఎంత చలి? ఎంత మంచు?

పటం పూర్తయితే దానినుంచి ఆనాటి వాతావరణాన్ని లెక్కకట్టవచ్చు. ప్రతి హిమానీనదం మీదా ఒక రేఖ ఉంటుంది. దానికి పైన ఏటా మంచు పెరుగుతుంది, కింద తరుగుతుంది. పాత మొరైన్ల ఆధారంగా పాత హిమానీనదాన్ని గీస్తే, ఆ రేఖ ఎక్కడ ఉండేదో అంచనా వేయవచ్చు. ఉదాహరణకు అది ఇప్పటికంటే 500 మీటర్లు కిందికి ఉండేదని తేలిందనుకోండి. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కాబట్టి, ఆనాడు ఇప్పటికంటే 3 డిగ్రీలకు పైగా చల్లగా ఉండేదని లెక్క వస్తుంది. ఇది హిమపాతంలో మార్పు లేదనుకుంటేనే. అది మారితే లెక్కా మారుతుంది.

మారిందనడానికి గంగోత్రి ఒక సాక్ష్యం. 1996లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం గంగోత్రి హిమానీనదం అత్యంత దూరం సాగింది సుమారు 63 వేల ఏళ్ళ క్రితం. నేటి గోముఖం నుంచి దాదాపు 40 కిలోమీటర్ల దిగువన ఉన్న ఝాలా దాకా మంచు నిండి ఉండేది. కాని ప్రపంచమంతటా మంచు గరిష్ఠంగా ఉన్నది సుమారు 20 వేల ఏళ్ళ క్రితం. అంత చలిలో గంగోత్రి మంచు ఎందుకు అంత దూరం రాలేదు? ఎక్కువమంది చెప్పే కారణం ఇది: ఆ చలికాలంలో నైరుతి రుతుపవనాలు బలహీనపడ్డాయి. చలి ఉందిగాని కురవడానికి మంచు లేదు. మన పొలాలకు నీళ్ళిచ్చే రుతుపవనాల కథ కొంత ఆ మొరైన్లలోనే రాసి ఉందన్నమాట.

పటం ఎవరికోసం?

ఇదంతా గతించిన మంచు సంగతే కదా, మనకెందుకు అని మీరు అడగవచ్చు. కేదారనాథ్ జవాబు చెబుతుంది. చోరాబారీ కుడిపక్క మొరైన్ వెనక ఒక సరస్సు ఉండేది. దానికి బయటికి పోయే దారి లేదు. 2013 జూన్‌లో ఒక్క రోజులో అక్కడ 300 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసింది. సరస్సు నిండింది. 17వ తేదీ ఉదయం మొరైన్ కట్ట తెగి, కొద్ది నిమిషాల్లో సరస్సంతా ఊరిమీద పడింది. దారిలో ఉన్న వదులు శిథిలాలను ఎత్తుకుపోయింది. దిగువన రాంబాడా తుడిచిపెట్టుకుపోయింది. 2012 నాటి అధ్యయనం వరద వస్తుందని చెప్పలేదు. ఆ పని దానిది కాదు. కాని ఊరి కింద, ఊరి పైన ఉన్నది గట్టి రాయి కాదని, మంచు పోసిన వదులు కుప్పలని అది చెప్పింది.

ఇది ఒక్క లోయ కథ కాదు. సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు హిమానీనదం వెనక్కి తగ్గేకొద్దీ పెరుగుతూ వచ్చిందని ఉపగ్రహ చిత్రాలు దశాబ్దాలుగా చూపిస్తున్నాయి. 2023 అక్టోబరు 3 రాత్రి దాని పక్క మొరైన్ కూలి సరస్సులో పడింది. అలలు లేచి కట్ట తెగింది. తీస్తా నదిమీద చుంగ్‌థాంగ్ దగ్గరి ఆనకట్ట కొట్టుకుపోయింది. సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న సరస్సు అక్టోబరు 4న 60.3 హెక్టార్లే మిగిలిందని మన హైదరాబాదు కేంద్రమే చిత్రాలతో చూపింది. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీ గ్రామాన్ని ఖీర్ గంగ వరద ముంచెత్తింది. రెండు రోజుల తర్వాతి ఉపగ్రహ చిత్రంలో దాదాపు 20 హెక్టార్ల మేర విసనకర్ర ఆకారంలో బురద, రాళ్ళు కనిపించాయి. ఆ ఏరు అంతకుముందు ఎప్పుడో పోసిన అలాంటి విసనకర్ర మీదే ఆ ఊరు కట్టుకున్నారు.

పటం ఏ రోజు ఏమవుతుందో చెప్పదు. కాని ఎక్కడ వదులు శిథిలాలున్నాయో, ఎక్కడ మొరైన్ వెనక నీరు నిలిచిందో, ఒకప్పుడు వరద ఎటు పోయిందో చెబుతుంది. సత్రం ఎక్కడ కట్టాలి, రోడ్డు ఎటు వేయాలి, హెచ్చరిక పరికరం ఎక్కడ పెట్టాలి అని నిర్ణయించే వారి బల్లమీద ఆ పటం ఉండాలి. గీసిన పటం బీరువాలో ఉంటే కొండకు, మనిషికి కూడా ఉపయోగం లేదు.

ఇదంతా పెద్ద శాస్త్రజ్ఞుల పని అనుకోకండి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటు 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. మీ కళాశాల కంప్యూటర్‌లో కేదారనాథ్ తెరిచి చూడండి. ఊరి నుంచి మెల్లగా ఎగువకు వెళ్ళండి. లోయకు ఇరుపక్కలా రెండు పొడవైన గట్లు కనిపిస్తాయి. వాటిమీద ఒక కాగితం పరిచి పెన్సిల్‌తో గీసుకోండి. తర్వాత రాంబాడా దాకా దిగివస్తూ లోయ ఎక్కడ 'యు' నుంచి 'వి'గా మారుతోందో వెదకండి. ఆ గీత దగ్గరే 13 వేల ఏళ్ళ క్రితం మంచు ఆగింది. దాని అడుగుజాడలో మీరు అప్పుడు వేలు పెట్టినట్టే.